పసిపిల్లలతో పరాయి దేశంలో కాపురం: మొదటి మూడు నెలలు

కుటుంబంతో విదేశానికి తరలి వెళ్లినప్పుడు, ఉద్యోగంలో చేరిన వ్యక్తికి మొదటి రోజే ఒక కుర్చీ, ఒక గుర్తింపు కార్డు, సందేహం వస్తే అడగడానికి నలుగురు సహోద్యోగులు దొరుకుతారు. ఇంట్లో పసిబిడ్డతో ఉండిపోయిన భార్యకో భర్తకో వీటిలో ఒక్కటీ దొరకదు. కాపురం కుదురుకోకపోవడం చాలా ఇళ్లలో అక్కడే మొదలవుతుంది. అందువల్ల ఏ పని ముందు, ఏ పని వెనుక అన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ, ఇంట్లో ఉండే మనిషికి ఏది ముందు అవసరమో చూసి నిర్ణయించుకోవాలి.

సూట్‌కేసుల బరువు గురించి వారం రోజులు తర్జనభర్జన పడే మనం కాగితాల కోసం ఒక పూట కూడా కేటాయించము. పిల్లల జనన ధ్రువపత్రాలు, వివాహ ధ్రువపత్రం, ఇద్దరి విద్యార్హత పత్రాలు బయలుదేరే ముందే సిద్ధం కావాలి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉంటే ఈ పత్రాలకు అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదేనని దాన్ని ఇచ్చిన దేశం చేసే ధ్రువీకరణ, సాధారణంగా సరిపోతుంది. లేకపోతే రాయబార కార్యాలయం ద్వారా ధ్రువీకరణ చేయించుకోవాలి. పత్రం ఇచ్చిన దేశంలోనే ఆ ముద్ర వేయించాలి కనుక, వెళ్లాక గుర్తొస్తే నెలలు పడుతుంది. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా అంతే, లైసెన్సు ఉన్న దేశంలోనే తీసుకోవాలి. ఆఫీసుకు వెళ్లే వ్యక్తికి ఒక్కరికే తీసుకుని ఊరుకోకండి. పగటిపూట బిడ్డను వైద్యుని దగ్గరకు తీసుకెళ్లేది రెండోవారు. అసలు పత్రాలు చేతి సంచిలోనే ప్రయాణించాలి, వాటి స్కాన్ ప్రతులు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

టీకాల పుస్తకాన్ని అన్నిటికన్నా పైన పెట్టుకోండి. తట్టు ఎక్కువగా ఉన్న దేశాల్లో దాని తొలి టీకాను తొమ్మిదో నెలలో వేస్తారు; తక్కువగా ఉన్నచోట ఏడాది నిండాక వేస్తారు. అమెరికాలో ఏడాదిలోపు వేసిన మోతాదును లెక్కలోకి తీసుకోరు, కాబట్టి బిడ్డకు మళ్లీ వేయమన్నప్పుడు కంగారు పడనవసరం లేదు. పుట్టగానే బీసీజీ, అంటే క్షయ నివారణ టీకా, వేయించుకున్న పిల్లలకు చర్మం మీద చేసే క్షయ పరీక్షలో, జబ్బు లేకపోయినా వాపు కనిపించవచ్చు. బీసీజీ వేయించిన సంగతి ముందే చెప్పి, ఆ టీకా ప్రభావం ఉండని రక్తపరీక్ష చేయగలరేమో అడగండి.

దిగిన తర్వాత ఎదురయ్యే మొదటి చిక్కుముడి చిరునామా. ఇల్లు అద్దెకు ఇవ్వాలంటే బ్యాంకు ఖాతా చూపమంటారు, ఖాతా తెరవాలంటే ఇంటి చిరునామా రుజువు తెమ్మంటారు. ఉద్యోగం ఇచ్చిన సంస్థ నుంచి జీతం, తాత్కాలిక నివాసం రెండూ పేర్కొంటూ ఒక ఉత్తరం తీసుకుంటే ఈ ముడి సాధారణంగా విడిపోతుంది. అసలు జాగ్రత్త ఆ తర్వాతే ఉంది. అద్దె ఒప్పందంలో, కనీసం ఒక కరెంటు లేదా ఇంటర్నెట్ బిల్లులో, బ్యాంకు ఖాతాలో ఇద్దరి పేర్లూ రాయించండి. తొందరలో అన్నీ ఒక్కరి పేరు మీదే పెట్టేస్తే, ఏడాది గడిచినా రెండోవారి చేతిలో తాను అక్కడ ఉంటున్నట్టు చూపే కాగితం ఒక్కటీ ఉండదు. గ్రంథాలయ సభ్యత్వానికైనా, పిల్లల బడి దరఖాస్తుకైనా ఇంకొకరి సంతకం కోసం సాయంత్రం దాకా ఎదురుచూడాల్సి వస్తుంది.

చాలా దేశాల్లో ప్రభుత్వ పాఠశాలను ఇంటి చిరునామాను బట్టి కేటాయిస్తారు. కాబట్టి ముందు బడిని చూసుకుని, తర్వాత ఇల్లు వెతకాలి. ఏ తేదీలోపు పుట్టినవారిని ఏ తరగతిలో చేర్చుకుంటారో కూడా కనుక్కోండి: ఇంగ్లండ్‌లో ఆగస్టు 31న పుట్టిన బిడ్డకూ సెప్టెంబరు 1న పుట్టిన బిడ్డకూ ఒక పూర్తి తరగతి తేడా ఉంటుంది. ఇంటి విషయంలో నా సలహా ఒక్కటే. ఆఫీసుకు దగ్గరగా ఉన్న పెద్ద ఇంటికన్నా, స్ట్రోలర్ తోసుకుంటూ పదిహేను నిమిషాల్లో పార్కు, మందుల దుకాణం, గ్రంథాలయం చేరగలిగే చిన్న ఇల్లు మేలు.

ఆరోగ్య బీమా ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, చేరిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన మరో రెండు నెలలు గడిచాకే ప్రభుత్వ బీమా మొదలవుతుంది. అలాంటి ఎడం ఉన్నచోట ప్రయాణ బీమాను ఆ మేరకు పొడిగించుకోవాలి.

మందుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాటు జరిగేది అర్ధరాత్రి, నిద్రమత్తులో. పారాసిటమాల్‌ను అమెరికాలోనూ జపాన్‌లోనూ అసిటమినోఫెన్ అంటారు. పేరు తేడా గుర్తుంచుకుంటే సరిపోతుంది, అసలు ప్రమాదం గాఢత తేడాలో ఉంది. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు ఉంటే, మరొక దానిలో 160, ఇంకొక దానిలో 250 ఉంటుంది. పన్నెండు కిలోల బిడ్డకు, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఒక మోతాదు 180 మిల్లీగ్రాములు మించకూడదు. మొదటి సీసా నుంచి అది ఏడున్నర మిల్లీలీటర్లు. చేతికి అలవాటైన ఆ ఏడున్నరనే 250 రకం సీసా నుంచి పోస్తే 375 మిల్లీగ్రాములు, అంటే రెట్టింపుకు పైగా, బిడ్డ కడుపులోకి వెళ్తాయి. కొత్త సీసా కొన్నప్పుడే మందుల దుకాణంలో బిడ్డ బరువు చెప్పి, మోతాదు అడిగి, సీసా మీదే పెన్నుతో రాయించుకోండి. ఆ సీసాతో ఇచ్చిన సిరంజితో తప్ప వంటింటి చెంచాతో కొలవవద్దు.

నిద్ర విషయంలో ఓపిక పట్టడమే మందు. దాటిన ఒక్కో గంట కాలభేదానికి సుమారు ఒక రోజు చొప్పున శరీరం సర్దుకుంటుంది. తూర్పు వైపు ప్రయాణం మరింత కష్టం. ఉదయపు వెలుతురులో పిల్లలను బయట తిప్పడం, రాత్రి మెలకువ వస్తే దీపాలు వేయకుండా తగ్గు గొంతుతో మాట్లాడటం ఈ సర్దుబాటును తొందరపెడతాయి. ఆ వారాల్లో తల్లిదండ్రులు రాత్రిని రెండు కాపలాలుగా పంచుకోవాలి. ఉద్యోగం ఉందన్న కారణంతో ఒకరు మొత్తం రాత్రి నుంచి తప్పించుకుంటే, రెండోవారు పగలూ రాత్రీ కూడా పనిలోనే ఉంటారు.

కొత్త భాషలో నడిచే తరగతిలో చేరిన పిల్లలు కొన్ని వారాలు, కొందరైతే నెలల తరబడి, నోరు విప్పరు. వింటూ పోగుచేసుకునే కాలం అది. ఇంట్లో మామూలుగా కబుర్లు చెబుతూ ఉన్నంతవరకు బెంగపడవలసింది లేదు. రెండు భాషలు కలిస్తే బిడ్డకు మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ. ఇంటి భాషను మానేసి, మనకే సరిగా రాని భాషలో బిడ్డతో మాట్లాడటం వల్ల పోయేదే ఎక్కువ. బడికి పంపే ముందు మాత్రం మంచినీళ్లు, మరుగుదొడ్డి, నొప్పి, సాయం అన్న నాలుగు మాటలు అక్కడి భాషలో నేర్పి, అవే మాటలను ఇంటి భాషలో ఎలా పలుకుతారో రాసి ఉపాధ్యాయులకు ఇవ్వండి.

రెండో నెల చివర ఒక పరీక్ష పెట్టుకోండి. ఒక పనిదినాన, ఉద్యోగంలో ఉన్నవారు సాయం చేయకుండా, ఇంట్లో ఉన్నవారు బిడ్డతో వైద్యుని దగ్గరకు వెళ్లి రావాలి: అపాయింట్‌మెంట్ తామే తీసుకుని, బీమా కార్డు చూపి, తమ కార్డుతో డబ్బు కట్టి, బస్సులోనో కారులోనో తిరిగి రావాలి. దారిలో ఎక్కడ ఆగిపోయి ఆఫీసుకు ఫోన్ చేయవలసి వచ్చిందో రాసుకుని, ఆ శని, ఆదివారాల్లో మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆ ఒక్కదాన్నీ సరిచేయండి. వచ్చే నెల అదే పరీక్షను మళ్లీ పెట్టుకోండి.