సంక్రాంతి ఫ్యామిలీ ఫొటో – మూడో పాఠం: ఎవరు ఏం కట్టుకోవాలి?

పోయిన పాఠంలో చోటూ, వేళా ఖాయం చేసుకున్నాం. ఇంటి ముందు, ముగ్గుకు ఇవతల, సాయంత్రం నాలుగున్నర దాటాక. జనవరిలో ఆరింటికల్లా పొద్దుగూకుతుంది కాబట్టి మంచి వెలుతురు మనకు దొరికేది గంటకు కాస్త అటూఇటూ. ఆ గంటలో చీరలు మార్చుకుంటూ కూర్చోలేం. అందుకే బట్టల సంగతి ఇప్పుడే తేల్చుకుందాం.

ఎంపిక ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర మొదలుపెట్టండి. పిల్లల బట్టలు ముందు కొనేసి, ఆఖర్న నానమ్మ దగ్గరికి వెళ్లి "ఈ రంగు చీర ఉందా?" అని అడగడం చాలా ఇళ్లలో చూస్తాం. అది తలకిందుల పద్ధతి. కొన్ని రంగులు ఆమె కట్టుకోరు, బరువైన పట్టు మోయలేరు, ఫొటో కోసం అలవాటు లేనిది కడితే ఆ ఇబ్బంది ముఖంలో కనిపించేస్తుంది. పైగా ఫొటోలో నడుమ కూర్చునేది ఆమే. బీరువాలోంచి ఆమె ఇష్టంగా ఏ చీర తీస్తే అదే మనకు ఆధారం.

ఒక చీర తీసుకుని చూద్దాం. పసుపుపచ్చ బాడీ, మెరూన్ అంచు ఉన్న గద్వాల చీర అనుకోండి. అసలైన సీకో (పట్టు, నూలు కలిపి నేసే) గద్వాలలో బాడీ నూలు, అంచూ పల్లూ పట్టు. ఫొటోలో పసుపు మెత్తగా, మెరుపు లేకుండా పడుతుంది. మెరూన్, జరీ మాత్రం వెలుతురు పట్టి మెరుస్తాయి. ఈ ఒక్క చీరలోనే మనకు మూడు రంగులు దొరికాయి: పసుపు, మెరూన్, బంగారు రంగు.

ఇప్పుడు పంపకం. ఆ నిండు పసుపు ఇంకెవరికీ ఇవ్వొద్దు, అది నానమ్మదే. మెరూన్ ఇద్దరికి ఇవ్వండి, వాళ్లిద్దరినీ పక్కపక్కన మాత్రం నిలబెట్టకండి. పెద్ద కోడలికి మెరూన్ మంగళగిరి చీర బాగుంటుంది. బాడీ ప్లెయిన్‌గా ఉండి జరీ అంచు వరకే ఉంటుంది కాబట్టి నానమ్మ చీరతో పోటీ పడదు. మనవరాలికి ముదురాకుపచ్చ పట్టు లంగా, మెరూన్ జాకెట్టు. ఆకుపచ్చ కొత్త రంగే అయినా మెరూన్ దాన్ని గుంపులో కలిపేస్తుంది. మగవాళ్లకు మీగడ రంగు, గంధం రంగు లాల్చీలు, జరీ అంచు పంచెలు. పోచంపల్లి ఇక్కత్ లాంటి పెద్ద డిజైన్ ఎవరికైనా ఇష్టమైతే గుంపులో ఒక్కరికే ఉంచండి, వాళ్లకు అటూఇటూ ప్లెయిన్ బట్టలవాళ్లు నిలబడాలి.

అందరికీ ఒకే తానులోంచి కుట్టించే సెట్లు ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. ఇద్దరు ముగ్గురికైతే సరే. పదిమంది ఉన్న కుటుంబానికి నేను వద్దంటాను. ఒకరి భుజం ఎక్కడ ఆగిందో, పక్కవారి చెయ్యి ఎక్కడ మొదలైందో తెలియకుండా బట్టంతా ఒకే ముద్దయిపోతుంది. మనిషి మనిషికీ ఉన్న తేడా కనపడాలనే కదా ఫొటో తీయించుకుంటాం.

ఇక కెమెరా పెట్టే పేచీలు. సన్నటి గళ్లు, దగ్గర దగ్గర చారల చొక్కాలు బట్ట మీద లేని అలల గీతల్ని ఫొటోలో పుట్టిస్తాయి, తర్వాత తీసేయడం కష్టం. తళతళలాడే తెల్ల పంచె ఎండ తగిలితే మడతలు కనపడని తెల్ల మచ్చ అవుతుంది, దాన్ని సర్దబోతే ముఖాలు నల్లబడతాయి. మీగడ రంగు చెప్పింది అందుకే. చిలకపచ్చ, ఫ్లోరసెంట్ రంగులు గడ్డం కిందకి తమ ఛాయ కొడతాయి, చంటిపిల్లల్ని ఎత్తుకున్నప్పుడు ఇది మరీ తెలుస్తుంది. మిరపపండు ఎరుపు పట్టు ఫోన్ కెమెరాలో తరచుగా నేత కనపడకుండా ఒకే పలకలా వస్తుంది. నిండు జరీ ఉన్నవాళ్ల మీద ఎదురుగా ఫ్లాష్ కొట్టొద్దు. మీ ఇంటి గోడ రంగు కూడా లెక్కలోకి తీసుకోండి. గోడ లేత ఆకుపచ్చదైతే మనవరాలి లంగా ముదురాకుపచ్చ ఉండొచ్చు, లేతది మాత్రం గోడలో కలిసిపోతుంది.

హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో వచ్చేవాళ్లు బట్టల ఫొటోలు వాట్సాప్‌లో పంపుతారు. రాత్రి ట్యూబ్‌లైటు కింద తీసినవాటిని నమ్మకండి. పగలు కిటికీ దగ్గర, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయమనండి. కాగితం పచ్చగానో నీలంగానో కనిపిస్తే బట్ట రంగూ అంతే మారిందని అర్థం.

ఈ వారం ఇంటిపని. అందరి బట్టలూ మంచం మీద, వాళ్లు నిలబడబోయే వరుసలోనే పరవండి. కాస్త దూరం నుంచి ఫోన్లో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. పక్కపక్కనున్న రెండు బట్టలు ఒకే బూడిద రంగులో కలిసిపోతే వాటిలో ఒకదాన్ని జరపండి. మెరూన్, ముదురాకుపచ్చ రంగుల్లో ఎంత వేరుగా ఉన్నా ఈ పరీక్షలో తరచూ కలిసిపోతాయి, మధ్యలో ఒక మీగడ రంగు లాల్చీ వస్తే చాలు. మొత్తం మీద ఏదో ఒక బట్ట దగ్గరే కన్ను ఆగిపోతుంటే, అది నానమ్మ చీర కాకపోతే, దాన్ని మార్చండి.

ఇది తేలాక జాకెట్టు గుడ్డలు వెంటనే టైలర్‌కి ఇచ్చేయండి. పండగ ముందు వారంలో ఏ టైలరూ దొరకరు. ఫాల్, పికో కూడా అప్పుడే చెప్పండి. తాతయ్య పంచెకు గంజి మాత్రం భోగి ముందురోజు పెడితే సరిపోతుంది.