పాత టూస్ట్రోక్ బండి కొనడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఆర్‌డీ350 పొగ ఏం చెబుతుంది?

పోయిన పాఠంలో ట్యాంకు, ఫ్రేము, నంబర్లు చూశాం. 1973 నాటి జపాన్ ఆర్‌డీ350 అయితే 351తో మొదలయ్యే నంబరు ఫ్రేము మీదా ఇంజన్ మీదా ఒకటే ఉండాలని చెప్పుకున్నాం. ఈసారి కిక్ కొడదాం.

అసలు ఈ యమహా అంటే అంత మోజు దేనికి? 347 సీసీ, ఆరు గేర్లు, 39 హార్స్‌పవర్, ముందు డిస్క్ బ్రేకు. దీనికి ముందొచ్చిన ఆర్5లో లేని రీడ్ వాల్వులు ఇందులో పెట్టారు. పెట్రోలు మిశ్రమం కార్బురేటర్ వైపు వెనక్కి తన్నకుండా అవి ఆపుతాయి. జపాన్‌లో 1975తో దీని కథ ముగిసింది. మన దేశంలో 1983లో ఎస్కార్ట్స్ దీన్నే రాజ్‌దూత్ 350గా తెచ్చింది. డిస్కు పోయి డ్రమ్ము వచ్చింది, పవరూ తగ్గింది. మొదటి రకం హైటార్క్‌కి 30.5, తర్వాతి రకం లోటార్క్‌కి 27 హార్స్‌పవర్. మైలేజీ చూసి అప్పట్లో జనం జడుసుకున్నారు. ఇప్పుడు వెతుక్కుంటూ తిరిగేవాళ్లకి కావలసింది ఆర్‌పీఎం ఐదు వేలు దాటాక వచ్చే ఆ ఊపు. నన్నడిగితే లోటార్క్ అయినా ఒరిజినల్ ఇంజన్ ఉంటే చాలు, మెరిసే క్రోమ్ తర్వాత చూసుకోవచ్చు.

ఇక పనిలోకి. బండి చల్లగా ఉన్నప్పుడే చూస్తానని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా తగిలితే టీ తాగొచ్చి మళ్లీ చూడండి.

చోక్ వేసి స్టార్ట్ చేశాక పొగ రావడం మామూలే. పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ (టూస్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కాలే బండికి పొగ లేకపోతేనే టెన్షన్ పడాలి, ఆయిల్ పంపు పనిచేయడం లేదేమో చూడాలి. ఇంజన్ బాగా వేడెక్కాక ఆ పొగ పలచబడాలి. ఇప్పుడు బండి వెనక్కి వెళ్లి నిలబడండి. ఈ బండికి రెండు సిలిండర్లు, సిలిండర్‌కో సైలెన్సర్ ఉండటం మన అదృష్టం, ఒకదాంతో ఒకటి పోల్చుకోవచ్చు.

కుడి సైలెన్సర్ ఒక్కటే తెల్లటి పొగ ఆగకుండా వదులుతోందా? క్లచ్ ఉండేది కుడివైపే. అక్కడ క్రాంక్ సీలు (క్రాంక్ షాఫ్ట్ చివర ఆయిల్, గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగు) అరిగితే గేర్‌బాక్స్ ఆయిల్ క్రాంక్ గదిలోకి పీల్చుకుపోతుంది. ఇంజన్ ఆపి, గేర్ ఆయిల్ మట్టం చూడండి. తగ్గి ఉంటే అనుమానం బలపడినట్టే.

ఎడమ సీలు పోతే పొగ రాదు, అందుకే అది ఇంకా ప్రమాదం. అటువైపు నుంచి గాలి దూరి మిశ్రమం పలచబడుతుంది. యాక్సిలరేటర్ వదిలేసినా ఆర్‌పీఎం వెంటనే దిగదు, పైనే వేలాడుతుంది. ప్లగ్గు విప్పితే కొస తెల్లగా సున్నం పట్టినట్టుంటుంది. అలాగే తోలితే పిస్టన్ పట్టేస్తుంది. కార్బురేటర్ దగ్గరి రబ్బరు పగిలినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి ముందు దాన్ని వంచి చూడండి. రబ్బరు బాగానే ఉంటే ప్రెషర్ టెస్టు (ఇంజన్‌లోకి గాలి నింపి ఎక్కడ కారుతోందో చూడటం) చేయించాలి. సీలు ధర చిన్నదే కానీ, దాన్ని సరిగ్గా మార్చాలంటే ఇంజన్ మొత్తం విప్పాలి. బేరంలో ఆ కూలీ తగ్గించి అడగండి.

ఇంకో ప్రశ్న: ఇప్పుడున్న పిస్టన్ ఎన్నో సైజు? అసలు బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 64 మిల్లీమీటర్లు. అరిగిన సిలిండర్‌ని చెక్కి రీబోర్ చేసిన ప్రతిసారీ 0.25 చొప్పున పెరిగి 1.00 దాకా వెళ్లొచ్చు. చివరి సైజులో ఉందంటే తర్వాతి మెట్టు కొత్త స్లీవు (సిలిండర్ లోపలి గొట్టం) వేయడమే.

ఈ వారం అభ్యాసం: మీ వీధిలో ఆర్‌ఎక్స్100 ఉన్నవాళ్లని బతిమాలండి. పది నిమిషాలు తోలాక ఇంజన్ చల్లారనిచ్చి ప్లగ్గు విప్పి, పగటి వెలుతురులో ఫొటో తీసుకోండి. కాఫీ పొడి రంగుందా, తడి నలుపా, తెలుపా అని రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో పాయింట్లు, టైమింగ్ పట్టేటప్పుడు ఆ ఫొటో కావాలి.