సెమినార్‌లో హ్యూబర్ట్ హంఫ్రీ గురించి పది నిమిషాలు చెప్పాలంటే

ఎంఏ పొలిటికల్ సైన్స్ చదివే మా చెల్లెలికి అమెరికా డెమొక్రటిక్ పార్టీ నాయకుడు, ఒకప్పటి ఆ దేశ ఉపాధ్యక్షుడు హంఫ్రీ మీద ఈ టాపిక్ పడింది. వారం రోజులు ఒకటే టెన్షన్. చివరికి హన్మకొండలో మా ఇంట్లో ఇద్దరం కూర్చుని తయారు చేసుకున్న పద్ధతి ఇది.

పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి, మందుల షాపుతో మొదలుపెట్టండి. హంఫ్రీ 1911లో సౌత్ డకోటాలోని వాలెస్ అనే చిన్న ఊళ్ళో, తండ్రి మందుల షాపు పైనున్న ఇంట్లో పుట్టారు. ఆర్థిక మాంద్యంలో కాలేజీ ఆపేసి తండ్రి షాపులోనే పనిచేశారు, ఫార్మసిస్టు కూడా అయ్యారు. కింద గోలీలమ్మే షట్టర్, పైన కాపురం: ఇది మన చౌరస్తాలో రోజూ చూసేదే కాబట్టి వినేవాళ్ళకు మనిషి వెంటనే దగ్గరవుతాడు.

1945లో మినియాపొలిస్ మేయర్ అయ్యారని ఒక్క ముక్కలో చెప్పి 1948కి వచ్చేయండి. ఫిలడెల్ఫియాలో డెమొక్రాట్ల మహాసభ. ముప్పై ఏడేళ్ళ ఈ మేయర్ వేదికెక్కి, రాష్ట్రాల హక్కుల నీడలోంచి (నల్లజాతివారి పట్ల వివక్షకు దక్షిణాది నాయకులు చెప్పే సాకు ఇదే) మానవ హక్కుల వెలుగులోకి నడవాలని సొంత పార్టీకే చెప్పారు, దాంతో దక్షిణాది ప్రతినిధులు కొందరు లేచి వెళ్ళిపోయారు.

ఎక్కువ సమయం 1964కి ఉంచుకోండి. అప్పటికి ఆయన సెనేటర్, జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల బిల్లును సభలో నడిపించే బాధ్యత ఆయనదే. ఓటింగ్ జరగకుండా దక్షిణాది సెనేటర్లు రెండు నెలలకు పైగా ప్రసంగాలతో అడ్డుకున్నారు (దీన్నే ఫిలిబస్టర్ అంటారు, తప్పకుండా వివరించండి). దాన్ని ఆపడానికి అప్పట్లో 67 ఓట్లు కావాల్సి వచ్చేవి. జూన్ 10న క్లెయిర్ ఎంగెల్ అనే సెనేటర్‌ను చక్రాల కుర్చీలో తెచ్చారు, మెదడులో కణితి వల్ల మాట రాదు. ఇంగ్లీషులో 'సరే' అనే ఓటుకూ కంటికీ ఒకటే శబ్దం, 'ఐ'. ఆయన వేలితో కన్ను చూపించారు. ఫిలిబస్టర్ ఆపడానికి మొత్తం 71 ఓట్లు పడ్డాయి. ఇది చెప్పాక ఒక్క క్షణం ఆగండి.

1965లో హంఫ్రీ అమెరికా ఉపాధ్యక్షుడయ్యారు. ఆ పదవిని మన రాజ్యసభ ఛైర్మన్‌తో పోల్చి చెబితే సులువు: సెనేట్‌కు అధ్యక్షత వహిస్తారు, ఓట్లు సమానమైతేనే ఓటేస్తారు. 1965 ఫిబ్రవరిలో వియత్నాం యుద్ధాన్ని పెంచొద్దని హంఫ్రీ అధ్యక్షుడు జాన్సన్‌కు రాశారు, ఆ తర్వాత ఆయన్ని చాలాకాలం ముఖ్యమైన చర్చలకు దూరం పెట్టారు. తర్వాత అదే యుద్ధాన్ని ఆయన బహిరంగంగా సమర్థించారు. ఇది దాచకండి, ప్రశ్న తప్పకుండా వస్తుంది. 1968 అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ చేతిలో ప్రజల ఓట్లలో ఒక్క శాతం కూడా లేని తేడాతో వెనకబడ్డారు, ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలవారీగా లెక్కించి అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు) మాత్రం నిక్సన్‌కు 301, హంఫ్రీకి 191. ఈ రెండు అంకెలూ బోర్డు మీద రాసి పెట్టుకోండి.