స్విఫ్ట్ 14 అంగుళాల రిమ్ములకి వేరే సైజు టైర్లు వేయిస్తే వచ్చే సమస్యలు, పరిష్కారాలు

మారుతి స్విఫ్ట్ కారు వీఎక్స్ఐ మోడల్‌కి కంపెనీ ఇచ్చే టైరు సైజు 165/80 ఆర్14. మొదటి సెట్ అరిగిపోగానే చాలామంది ఈ సన్న టైర్లు వద్దు, ఉన్న రిమ్ముల మీదే కాస్త వెడల్పువి వేయించుకుందాం అనుకుంటారు, నేనూ అదే అనుకున్నా. షాపులో 185/65 ఆర్14 చూపించి "ఇవి కరెక్ట్‌గా సరిపోతాయన్నా, అందరూ ఇవే వేయించుకుంటున్నారు" అన్నాడు, సరే అని నాలుగూ వేయించేశా. చూడ్డానికి బాగానే ఉన్నాయి, కానీ వారం తిరక్కుండానే మా కాలనీలో రోజూ దాటే స్పీడ్ బ్రేకర్ మీద, వెనక ముగ్గురు కూర్చుని ఉండగా, కింద గర్రుమని గీసుకుంది.

సమస్య: స్పీడ్ బ్రేకర్లకి కింద తగులుతోంది, మీటర్లో స్పీడ్ ఎక్కువ చూపిస్తోంది

కారణం: టైరు పొట్టిదైపోయింది. అందరూ మోసపోయేది ఇక్కడే. 165 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ తర్వాత ఉన్న 80 మిల్లీమీటర్లు కాదు, శాతం, అంటే వెడల్పులో 80 శాతం ఎంతో సైడ్‌వాల్ (రిమ్ము అంచు నుంచి రోడ్డుకి తగిలే చోటు దాకా ఉండే టైరు పక్క గోడ) ఎత్తు అంత. 165లో 80 శాతం 132. పైన ఒక 132, కింద ఒక 132, మధ్యలో 14 అంగుళాల రిమ్ము అంటే 355.6, మొత్తం 619.6 మి.మీ. ఇప్పుడు 185/65 లెక్క వేయండి: సైడ్‌వాల్ 120.25, మొత్తం ఎత్తు 596.1. అంటే 23 మి.మీ.కి పైగా పొట్టి, అందులో సగం, దాదాపు 12 మి.మీ., కారు కిందకి దిగిపోయింది. మీటర్ 100 చూపిస్తుంటే, పాత టైర్లతో పోలిస్తే నిజంగా పోయేది 96 దగ్గర. పైగా సైడ్‌వాల్ తగ్గింది కాబట్టి గుంతలో దెబ్బ నేరుగా రిమ్ముకి తగులుతుంది, మన రోడ్ల మీద ఇది చిన్న విషయం కాదు.

పరిష్కారం: 185/70 ఆర్14. సైడ్‌వాల్ 129.5, మొత్తం 614.6, కంపెనీ సైజుకి 5 మి.మీ. మాత్రమే తేడా, ఒక్క శాతం కూడా లేదు. వెడల్పు కావాలి, ఎత్తు మారకూడదు అంటే వెడల్పు పెరిగినకొద్దీ ఆ రెండో నంబర్ తగ్గాలి, కానీ మరీ తగ్గకూడదు. ఎత్తు తేడా 2 శాతం లోపు ఉంటే నిశ్చింత, 3 దాటితే నేనైతే వేయించను. షాపుకి వెళ్లకముందే ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి ఈ లెక్క చేసుకోండి దయచేసి, రెండు నిమిషాల పని.

సమస్య: స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఎక్కడో రాసుకుంటున్న సౌండ్

కారణం: టైరు ఎత్తు ఎక్కువైంది, లేదా వెడల్పు ఎక్కువైంది. ఉదాహరణకి రెండో నంబర్ మార్చకుండా 185/80 వేస్తే ఎత్తు 651.6, అంటే 32 మి.మీ. ఎక్కువ. సౌండ్ ఎక్కడ్నుంచో కనుక్కోవాలంటే స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి బండి ఆపి, టార్చ్ పట్టుకుని చక్రం పైన ఉండే నల్ల ప్లాస్టిక్ లైనర్ లోపల చూడండి. మిగతా అంతా దుమ్ము పట్టి మట్టిరంగులో ఉంటుంది, రాసుకున్న చోట మాత్రం తుడిచినట్టు నల్లగా మెరుస్తుంది. తర్వాత లోపలివైపు, షాక్ అబ్జార్బర్‌కీ టైరుకీ మధ్య చెయ్యి పెట్టి సందు ఎంతుందో కూడా చూడండి.

పరిష్కారం: ముందు లైనర్ క్లిప్పు ఊడి వేలాడుతోందేమో చూడండి, చాలాసార్లు అంతే ఉంటుంది. అది కాకపోతే టైరు సైజు మార్చాల్సిందే. లైనర్ కోసేస్తామనో, మడ్‌గార్డ్ అంచు సుత్తితో వంచేస్తామనో అంటే ఒప్పుకోకండి, ఖాళీ బండిలో సరిపోయినట్టే ఉంటుంది, ఐదుగురు ఎక్కి డిక్కీలో బియ్యం బస్తా వేశాక మళ్లీ మొదలవుతుంది.

సమస్య: హైవే మీద బండి అటూ ఇటూ ఊగుతున్నట్టుంది

కారణం: రిమ్ము వెడల్పుకి మించిన టైరు. రిమ్ము మీద 5జె అని ఉంటే 5 అంగుళాల వెడల్పని అర్థం. దానికి 185/70 పడుతుంది, కానీ 195/65కి కనీసం 5.5 అంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ములో ఇరికిస్తే సైడ్‌వాల్ బయటకి ఉబ్బి మలుపుల్లో మెత్తగా వంగిపోతుంది. పరిష్కారం ఒక్కటే, 185 దగ్గర ఆగిపోవడం. అయితే ఊగడం కాకుండా 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంటే సైజుని తిట్టుకోకండి, ముందు వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సరిచేయడం) చేయించండి.

సమస్య: మైలేజీ తగ్గింది

వెడల్పు టైరు బరువెక్కువ, ఇంజిన్ మీద కొంచెం భారం పడుతుంది, అది నిజమే. కానీ టైరు ఎత్తు మారితే కిలోమీటర్ల లెక్క కూడా మారుతుంది, ఎత్తైన టైరు వేస్తే మీటర్ తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది కాబట్టి మైలేజీ నిజంగా పడిపోయినదానికంటే ఎక్కువ పడిపోయినట్టు కనిపిస్తుంది. ఫోన్ జీపీఎస్‌తో 50 కిలోమీటర్లు పోల్చుకుని అప్పుడు బాధపడండి. గాలి మాత్రం డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద ఉన్నంత, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. టైరు మధ్యలో అరుగుతుంటే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరుగుతుంటే తక్కువ, ఒక్క అంచే అరుగుతుంటే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణం తేడా.

సమస్య: ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే సిస్టమ్) లైట్ వెలిగింది

డబ్బులు చాలక రెండే మార్చి ముందొక ఎత్తు, వెనకొక ఎత్తు పెట్టారా? చక్రాలు వేర్వేరు వేగంతో తిరుగుతుంటే సెన్సర్లు తికమకపడొచ్చు. నాలుగూ ఒకే సైజు వేయండి. అలా ఉన్నా లైట్ వెలుగుతుంటే సెన్సర్ వైరు చెక్ చేయించండి.

కొనేముందు ఇంకో రెండు నంబర్లు చూడాలి. 165/80 మీద 85టి లాంటిది ఉంటుంది, 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, టి అంటే గంటకి 190 కి.మీ. వరకు. కొత్తది వీటికంటే తక్కువ ఉండకూడదు, 88 ఉంటే 560 కిలోలు, హాయిగా తీసుకోవచ్చు. తర్వాత టైరు పక్కన DOT అని మొదలయ్యే డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు: 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని.

నేను చివరికి కొంత డబ్బు నష్టపోయి 185/70కి మార్చుకున్నా, స్పీడ్ బ్రేకర్ మీద గీసుకోవడం ఆగిపోయింది. స్టెప్నీ మాత్రం పాత 165/80నే ఉంచా, 5 మి.మీ. తేడా కాబట్టి పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా పోవడానికి ఇబ్బంది లేదు, కానీ దాంతోనే ఊళ్లు తిరగను.