లింకింగ్ వెర్బ్‌ల గందరగోళం నాకెలా పోయిందంటే

ఇంగ్లీషులో లుక్, ఫీల్, టేస్ట్ లాంటి క్రియల తర్వాత విశేషణం రాయాలా, క్రియావిశేషణం రాయాలా అని చాలాకాలం టెన్షన్ పడేదాన్ని. జాబితా బట్టీపడితే లాభం లేదు, ఎందుకంటే ఒకే క్రియ ఒకచోట లింకింగ్ వెర్బ్ (కర్తను దాని గురించి చెప్పే మాటతో కలిపేది, దాని తర్వాత విశేషణం వస్తుంది), ఇంకోచోట యాక్షన్ వెర్బ్ (చేసే పనిని చెప్పేది, ఆ పని ఎలా జరిగిందో చెప్పడానికి క్రియావిశేషణం వస్తుంది) అవుతుంది. నాకు పనికొచ్చింది ఒక చిన్న పరీక్ష: ఆ క్రియ తీసేసి ఈజ్ గానీ వాజ్ గానీ పెట్టి చూడటం. 'ద సూప్ టేస్ట్స్ గుడ్' బదులు 'ద సూప్ ఈజ్ గుడ్' అన్నా వాక్యం నిలబడుతుంది, అంటే ఇక్కడ గుడ్ చెప్పేది సూప్ గురించి, రుచి చూసే పని గురించి కాదు. అదే 'షి టేస్టెడ్ ద సూప్ కేర్‌ఫుల్లీ'లో వాజ్ పెడితే అర్థమే ఉండదు, కాబట్టి కేర్‌ఫుల్లీయే సరి.

టర్న్, గ్రో, గెట్ లాంటి వాటికి మాత్రం బికేమ్ పెట్టి చూడండి. 'ద లీవ్స్ టర్న్డ్ ఎల్లో' బదులు 'ద లీవ్స్ బికేమ్ ఎల్లో' అన్నా సరిపోతుంది కాబట్టి, అది లింకింగ్ వెర్బ్ అని వెంటనే తేలిపోతుంది.

ఇంకోటి, ఈజ్ కనబడిన ప్రతిచోటా లింకింగ్ వెర్బే అనుకోకండి. 'షి ఈజ్ రన్నింగ్'లో అది రన్నింగ్ అనే అసలు క్రియకు తోడుగా వచ్చే సహాయక క్రియ. విద్యార్థులకు ఈ తేడా మొదట్లోనే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.