నాన్న రాత్రిళ్లు పదేపదే లేస్తున్నారా? ప్రొస్టేట్ సంగతి ఎలా చూసుకోవాలి, పీఎస్ఏ రిపోర్ట్ ఎలా చదవాలి

మన ఇళ్లల్లో యాభై దాటిన మగాళ్లు బీపీ గురించి, షుగర్ గురించి బస్సులో పక్క సీటాయనకి కూడా చెప్పేస్తారు గానీ ఒంటేలు సరిగ్గా రావట్లేదన్న మాట మాత్రం ఇంట్లో ఆవిడకి కూడా చెప్పరు. పెళ్లికెళ్తే భోజనాలు ఎక్కడో తర్వాత, ముందు బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కుంటారు, ఊరికి బస్సెక్కాలంటే పొద్దున్నుంచే నీళ్లు తాగడం మానేస్తారు, రాత్రి మూడుసార్లు లేస్తారు, అడిగితే "వయసొచ్చింది కదరా, మామూలే" అంటారు. సగం నిజమే అది. మిగతా సగం కోసం ఇది రాస్తున్నా, ఎక్కువగా కొడుకులూ కూతుళ్లే చదువుతారు అనుకుని రాస్తున్నా, నాన్నలే చదివితే ఇంకా మంచిది.

ముందు ఒక ముక్క క్లియర్ చేసుకుందాం. ప్రొస్టేట్ అంటే మూత్రాశయం కింద మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి, వయసులో ఉన్నప్పుడు పెద్ద ఉసిరికాయంత, 20 గ్రాములకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, తర్వాత మెల్లగా పెరుగుతూ పోతుంది. లోపలి భాగం పెరిగితే నాళాన్ని నొక్కుతుంది, అందుకే ధార సన్నబడటం, ఆగి ఆగి రావడం, ముక్కాల్సి రావడం, లేచాక పంచె మీద నాలుగు చుక్కలు పడటం. దీన్ని డాక్టర్లు బీపీహెచ్ అంటారు, ఇది క్యాన్సర్ కాదు, రేపు క్యాన్సర్‌గా మారేదీ కాదు. క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి బయటి అంచులో మొదలవుతుంది, అక్కడ నొక్కడానికి నాళం లేదు కాబట్టి మొదట్లో ఏమీ తెలీదు. అంటే తిప్పలు పడుతున్నాయనకి క్యాన్సర్ ఉన్నట్టు కాదు, ఏ ఇబ్బందీ లేనాయనకి లేనట్టూ కాదు. ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే సగం మంది అనవసరంగా భయపడుతున్నారు, మిగతా సగం అనవసరంగా ధైర్యంగా ఉన్నారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. మూడు రోజులు లెక్క రాయండి. మెడికల్ షాపులో గీతలున్న యూరిన్ పాట్ దొరుకుతుంది, లేకపోతే కొలత మగ్గు చాలు, ఎప్పుడు పోశారు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎప్పుడు ఏం తాగారు, ఇంతే. పాత క్యాలెండర్ వెనక రాసినా పర్లేదు. పడుకున్నాక పోసినవీ, పొద్దున లేవగానే పోసినదీ కలిపి చూడండి, అది రోజు మొత్తంలో మూడో వంతు దాటుతుంటే పెద్దవాళ్లలో అది ప్రొస్టేట్ తప్పు కాకపోవచ్చు, రాత్రిపూట ఒళ్లు ఎక్కువ మూత్రం తయారు చేస్తోందని అర్థం. షుగర్ కంట్రోల్‌లో లేకపోయినా, సాయంత్రానికి కాళ్లు వాచేవాళ్లకైనా, బీపీ కోసం ఇచ్చిన నీటి మాత్ర సాయంత్రం వేసుకున్నా, గట్టిగా గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నా ఇలాగే లేస్తారు. ఇవి చూసుకోకుండా ప్రొస్టేట్ మాత్రలు మింగితే ఏం లాభం చెప్పండి.

దాంతో పాటు ఐపీఎస్ఎస్ అని ఏడు ప్రశ్నల పేపర్ ఉంటుంది, గత నెలరోజుల్లో ధార ఎలా ఉంది, పోశాక ఇంకా మిగిలినట్టు అనిపిస్తోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు ఇలాంటివి, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. మొత్తం 7 లోపు ఉంటే తక్కువ ఇబ్బంది, 8 నుంచి 19 మధ్యస్తం, 20 గానీ ఆపైన గానీ ఉంటే ఎక్కువ. నాన్నగారు నోటితో చెప్పడానికి సిగ్గుపడే విషయాలు పేపర్ మీద టిక్కు పెట్టడానికి సిగ్గుపడరు, చూడండి కావాలంటే.

స్కానింగ్ రిపోర్ట్‌లో "ప్రొస్టేట్ 45 గ్రాములు" అని చూసి ఇల్లంతా కంగారు పడుతుంది. సైజు ఒక్కటే చూసి ఏదీ తేల్చరు, 80 గ్రాములున్నా హాయిగా ఉండేవాళ్లున్నారు, 30కే నానా తిప్పలు పడేవాళ్లున్నారు. దానికంటే పోసిన తర్వాత మూత్రాశయంలో ఎంత మిగిలిందన్న అంకె చూడండి, అది బాగా ఎక్కువుంటే ఇన్ఫెక్షన్లు, రాళ్లు, చివరికి కిడ్నీల దాకా పోతుంది.

ఇక పీఎస్ఏ. ప్రొస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్ రక్తంలో ఎంతుందో చూసే మామూలు రక్త పరీక్షే, పరగడుపున ఇవ్వాల్సిన పని లేదు. ఎవరికి, ఎప్పుడు అంటే, ఏ లక్షణమూ లేని మామూలు మనిషైతే 50 దాటాక డాక్టర్‌తో ఒకసారి మాట్లాడి చేయించుకోవచ్చు, తండ్రికో అన్నదమ్ములకో ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చి ఉంటే రిస్క్ సుమారు రెట్టింపు కాబట్టి 45కే మొదలెట్టాలి. ఇంకోటి, ఇది చాలామందికి తట్టదు, అమ్మకో మేనత్తకో పిన్నికో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, అండాశయం క్యాన్సర్ వచ్చి ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి, అలాంటి ఇళ్లల్లో కొన్నిటిలో బీఆర్‌సీఏ2 అనే జీన్‌లో లోపం ఉంటుంది, అది మగపిల్లలకీ రావచ్చు, వస్తే వాళ్లకి ప్రొస్టేట్ క్యాన్సర్ రిస్క్ పెంచుతుంది, అలాంటివాళ్లని 40 నుంచే చూపించుకోమంటారు. 70 దాటి లక్షణాలేమీ లేని మనిషికి ఊరికే చేయించొద్దని అమెరికాలో 2018 నాటి గైడ్‌లైన్స్ చెప్తున్నాయి, కానీ హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో 78 ఏళ్ల తాతగారికి కూడా చేసేస్తారు, ఆ తర్వాత వచ్చే టెన్షన్ మాత్రం ప్యాకేజీలో ఉండదు.

టెస్టుకి ముందు ఇవి చూసుకోండి, ఎందుకంటే తప్పుడు అంకె రావడం చాలా ఈజీ. మూత్రంలో మంట, జ్వరం లాంటి ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గాక ఆరు వారాలు ఆగాలి. మూత్రం పైపు పెట్టి ఉన్నా అంతే. రెండు రోజుల ముందు నుంచి సైకిల్ తొక్కడం ఆపాలి, వీర్యస్ఖలనం కూడా అవ్వకూడదు, నాన్నకి ఇది మీరు చెప్పలేకపోతే డాక్టర్‌తోనే చెప్పించండి. అన్నిటికన్నా ముఖ్యం, పెరిగిన గ్రంథిని తగ్గించడానికి ఇచ్చే ఫినాస్టరైడ్ గానీ డ్యూటాస్టరైడ్ గానీ ఆయన ఆరు నెలలకి పైగా వాడుతుంటే పీఎస్ఏ సగానికి పడిపోయి కనిపిస్తుంది, 3 వచ్చిందంటే దాన్ని 6 అనుకుని చదవాలి. రిపోర్ట్‌లో నార్మల్ అనే ఉంటుంది, ల్యాబ్ వాళ్లకేం తెలుసు ఆయన ఏ మాత్ర వేసుకుంటున్నాడో. కాబట్టి మందుల చీటీ లేకుండా పీఎస్ఏ రిపోర్ట్ ఎవరికీ చూపించొద్దు.

రిపోర్ట్ వచ్చింది, టోటల్ పీఎస్ఏ 6.8 అని బోల్డ్ అక్షరాల్లో ఉంది, పక్కన 4 లోపు ఉండాలి అని ఉంది. ఏం చేయాలి? రాత్రంతా గూగుల్ చేయొద్దు. 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లలో బయాప్సీ, అంటే గ్రంథిలోంచి చిన్న ముక్కలు తీసి పరీక్ష, చేస్తే సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ తేలుతుంది, మిగతా వాళ్లది పెరిగిన గ్రంథో వాపో. కొన్ని వారాలు ఆగి అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి, ల్యాబ్ మారిస్తే మెషీన్ మారుతుంది, పోల్చడానికి ఉండదు. రెండోసారీ ఎక్కువే ఉంటే యూరాలజిస్ట్ మలద్వారంలోంచి వేలితో పరీక్ష చేస్తారు, అర నిమిషం పని, దీనికి భయపడే సగం మంది ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. తర్వాత ఎంఆర్ఐ, అందులో పైరాడ్స్ అని 1 నుంచి 5 దాకా అనుమానం స్థాయి ఇస్తారు, 4, 5 వస్తే దాదాపుగా బయాప్సీ ఉంటుంది, 3 అయితే మిగతావి కూడా చూసి తేలుస్తారు. ఎంఆర్ఐ లేకుండా నేరుగా బయాప్సీ రాస్తే, ముందు ఎంఆర్ఐ చేయించొచ్చా అని అడగడంలో తప్పేమీ లేదు.

ఒకవేళ క్యాన్సర్ అనే తేలినా, బయాప్సీ రిపోర్ట్‌లో గ్లీసన్ స్కోర్, అంటే ఆ క్యాన్సర్ ఎంత దూకుడు రకమో చెప్పే అంకె, ఎంతో చూడాలి. 6 అంటే అన్నిటికన్నా నిదానంగా ఉండే రకం, చాలామందికి వెంటనే ఆపరేషన్ కాకుండా పీఎస్ఏ, ఎంఆర్ఐ, అప్పుడప్పుడు బయాప్సీతో గమనిస్తూ ఉంటారు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే ట్రయల్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్నవాళ్లని మూడు గుంపులు చేసి కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరిని గమనిస్తూ ఉంచారు, 2023లో 15 ఏళ్ల ఫలితాలొస్తే ఏ గుంపులోనైనా ఈ క్యాన్సర్‌తో చనిపోయింది 3 శాతం లోపు లేదా దానికి దగ్గర్లోనే. అందుకని రేపే ఆపరేషన్ అని ఎవరైనా తొందర పెడితే రిపోర్ట్‌లన్నీ పట్టుకుని రెండో ఒపీనియన్‌కి వెళ్లండి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది. అలాగని 8, 9, 10 స్కోర్లని మాత్రం వదిలేయకూడదు, అవి ఆగే రకం కాదు.

రాకుండా ఆపొచ్చా? గ్యారంటీగా ఆపే తిండి గానీ మందు గానీ లేదు. విటమిన్ ఈ, సెలీనియం మీద 2001లో సెలెక్ట్ అని 35 వేల మందికి పైగా మగాళ్లతో ట్రయల్ పెట్టారు, ఉపయోగం కనపడక 2008లో ఆపేశారు, 2011లో చూస్తే విటమిన్ ఈ ఒక్కటే వాడిన వాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. ప్రొస్టేట్ సపోర్ట్ అని ఆన్‌లైన్‌లో అమ్మే డబ్బాల మీద నాకున్న కోపానికి ఇదో కారణం. ఆ డబ్బాల్లో ఎక్కువగా ఉండే సా పామెట్టో అనే మొక్క మందు కూడా పెద్ద ట్రయల్స్‌లో ఉత్తుత్తి మాత్ర కంటే బాగా పనిచేయలేదు. టమాట మంచిదే, పప్పులో వేసుకుని తినండి, మందు అనుకోకండి. సిగరెట్ మానడం, పొట్ట తగ్గించడం, రోజూ నడవడం, వీటికి మాత్రం విలువుంది, ఎందుకంటే ఊబకాయం, పొగ రెండూ ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్‌తో ముడిపడి ఉన్నాయి, గుండెకి కూడా అవే కావాలి.

ఇబ్బంది తగ్గడానికైతే ఇంట్లో చేసేవి ఉన్నాయి. పగలు నీళ్లు మామూలుగా తాగి పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి, సాయంత్రం టీ, మద్యం, పడుకునేముందు గ్లాసుడు మజ్జిగ మానేసి చూడండి. మలబద్ధకం ఉంటే ఇది ఇంకా ఎక్కువవుతుంది. పోశాక ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి, మిగిలింది వస్తుంది, కూర్చుని పోస్తే ఇంకా తేలిక.

జలుబు మాత్రలతో మాత్రం చాలా జాగ్రత్త. ముక్కుదిబ్బడకని షాపులో ఇచ్చే మాత్రల్లో ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ లాంటివి ఉంటాయి, ప్రొస్టేట్ పెరిగినాయన అవి వేసుకుంటే మూత్రం పూర్తిగా బంద్ అయిపోవచ్చు. పొత్తికడుపు ఉబ్బి, నొప్పితో గిలగిల్లాడుతూ ఒక్క చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, పైపు వేస్తే నిమిషాల్లో ఉపశమనం. మూత్రంలో రక్తం ఒక్కసారి కనపడి మాయమైనా చూపించాలి. పెద్దాయనకి కొత్తగా నడుంనొప్పి వచ్చి, రాత్రిళ్లు కూడా తగ్గకుండా, బరువు తగ్గుతుంటే బామ్ రాసుకుంటూ కూర్చోకుండా పీఎస్ఏ కూడా చూడమని అడగండి, ఈ క్యాన్సర్ పాకితే ఎక్కువగా ఎముకల్లోకే పోతుంది. ఆ నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గిందంటే అదే రోజు హాస్పిటల్. పాకినా కూడా చేతులెత్తేయాల్సిన జబ్బు కాదిది, మగ హార్మోన్‌ని ఆపే ఇంజెక్షన్లతోనో చిన్న ఆపరేషన్‌తోనో చాలామందిని ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నారు.

ధార తేలిగ్గా రావడానికి డాక్టర్ ఇచ్చే టామ్సులోసిన్ మొదలెట్టినవాళ్లు మొదటి కొన్ని రోజులు మంచం మీంచి గబుక్కున లేవకూడదు, తల తిరిగి పడతారు, రాత్రి భోజనం చేశాక వేసుకోవడం మంచిది. వీర్యం బయటికి రావడం తగ్గినా కంగారు పడక్కర్లేదు, ఆ మందు పనే అది. ఇంకా ఆయనకి శుక్లాల ఆపరేషన్ ఉంటే ఈ మాత్ర వాడుతున్న సంగతి, ఎప్పుడో వాడి ఆపేసినా సరే, కంటి డాక్టర్‌కి ముందే చెప్పాలి, ఆపరేషన్ టైంలో కనుపాప వదులుగా ఊగిపోయి ఇబ్బంది పెడుతుంది, ముందే తెలిస్తే వాళ్లు తగ్గట్టు సిద్ధమవుతారు.