ఆదుర్రు స్తూపం దగ్గర వానలో గుడారం వేసుకోవాలంటే

కోనసీమలో మామిడికుదురు మండలం ఆదుర్రులో, వైనతేయ గోదావరి ఒడ్డున, ఇటుకలతో కట్టిన పాత బౌద్ధ స్తూపం అడుగు భాగం ఇంకా మిగిలి ఉంది. వానాకాలంలో ఆ చుట్టుపక్కలంతా పచ్చగా ఉంటుంది. ఐదారుగురు స్నేహితులు కలిసి ఒక రాత్రి ఉండి రావడానికి మంచి చోటు. కాకపోతే కొండల్లో నేర్చుకున్న పద్ధతులు ఇక్కడ సగమే పనికొస్తాయి. కొండమీద పడిన వాన జారిపోతుంది, డెల్టాలో జారడానికి పల్లం ఉండదు. పైనుంచి పడే నీటిని బరకం ఆపుతుంది. నేల ఊరి, మురుగు కాలువ ఎగదన్ని, ఏటికి వరదొచ్చి కిందనుంచి వచ్చే నీటిని ఏ బరకమూ ఆపలేదు. అక్కడ మనల్ని కాపాడేది మనం ఎంచుకున్న చోటే.

బయల్దేరే ముందు

మొదట ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం చూడండి. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. భద్రాచలంలో ఈ మూడూ 43, 48, 53 అడుగులు. భద్రాచలం దాటిన వరద ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అంటే ఈరోజు భద్రాచలం అంకె చూస్తే రేపు మన దగ్గర ఏం జరుగుతుందో తెలిసిపోతుంది. అక్కడ 43 దాటి ఇంకా పెరుగుతుంటే ప్రయాణం మానేయండి. కోనసీమలో చినుకు లేకపోయినా సరే, ఎగువన మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్‌లలో పడిన వానే ఇక్కడికి వరదై వస్తుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు లంక గ్రామాలు (ఏటి మధ్య దిబ్బల మీది ఊళ్లు) నీళ్లలో ఉండిపోయాయి. హెచ్చరిక పడితే పంట్లు (ఏరు దాటించే పడవలు) ఆపేస్తారు, లంకల కాజ్‌వేలు మునుగుతాయి. వెళ్లిన దారే తిరిగొచ్చే దారి అవుతుందని లెక్క వేసుకోకండి.

రెండోది పోటు. ఆదుర్రు దగ్గరికి సముద్రపు పోటు వస్తుంది. రోజుకు రెండుసార్లు నీరు ఎక్కి దిగుతుంది, మర్నాటి పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పున్నమిలకు ఎక్కువ ఎత్తు ఎక్కుతుంది. ఆ రోజుల్లో గట్టివాన పడితే మురుగు కాలువల నీరు ఏట్లోకి దిగదు, పొలాలు, పల్లపు తోటలు చాలాసేపు నీళ్లలోనే ఉంటాయి. తిథి చూసుకుని ఆ రెండు మూడు రోజులు తప్పించండి. ఇక అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 నాటి తుపానును కోనసీమ ఇంకా మర్చిపోలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే గుడారం ఆలోచనే వద్దు.

ఎక్కడ వేయాలి

స్తూపం రక్షిత స్థలం. ఆవరణలో వంట, బస కుదరవు. పగలు చూసి, చీకటి పడకముందే బయటికి వచ్చేయాలి. స్తూపం అడుగు చక్రం ఆకారంలో ఉంటుంది. మధ్యనుంచి బండిచక్రం ఆకుల్లా ఇటుక గోడలు సాగుతాయి, వాటి నడుమ మట్టి. వానకు ఆ మట్టి నాని మెత్తబడి ఉంటుంది. ఫోటో కోసం గోడ మీదికి ఎక్కితే కాలి కింద ఇటుక వరస కదులుతుంది, ఆ సందులోకి మరుసటి వాన దిగుతుంది. పాకుడు పట్టిన ఇటుక మీద జారి పడితే కాలు విరగడం మన వంతు. వానకు మట్టి కొట్టుకుపోయి పెంకులు, ఇటుక ముక్కలు పైకి తేలితే ఉన్నచోటే వదిలి కాపలా మనిషికి చెప్పండి.

గుడారానికి ఊళ్లో రైతు కొబ్బరితోట అడగండి. తోట యజమానిని పగలే కలిసి మూడు విషయాలు కనుక్కోవాలి: ఇందులో మెరక ఎటు, పోయిన వానకు నీరు ఎంతసేపు నిలిచింది, దింపు (కాయలు కోయించడం) ఎప్పుడు. ఆయన చూపించిన మెరక మీదే వేయండి, మన కంటికి డెల్టాలో అడుగు ఎత్తు తేడా ఆనదు. ఏటిగట్టుకు ఊరివైపు ఉండాలి గాని ఏటివైపు వద్దు. గట్టు మీద కూడా వద్దు. అక్కడ మేకులు దిగ్గొట్టినా, కాలవ తీసినా ఊరంతటికీ రక్షణగా ఉన్న కట్ట బలహీనపడుతుంది.

తోటలో చెట్ల మధ్య ఖాళీ వెతికి, ఏ మొవ్వూ నెత్తిన లేనిచోట వేయండి. గాలివానకు కాయ కంటే ముందు ఎండుమట్ట ఊడుతుంది, అది గుడారాన్ని చీల్చి లోపలి మనిషికి తగులుతుంది. ఒంటరి తాటిచెట్టుకు దూరంగా ఉండండి, పిడుగులు దానిమీదే ఎక్కువ పడతాయి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లకంటే తక్కువ ఉంటే అందరూ పక్కా ఇంట్లోకో కారులోకో వెళ్లాలి, చివరి ఉరుము విన్నాక మరో అరగంట అక్కడే ఉండాలి. పిడుగు నుంచి గుడారం కాపాడదు.

ఈ ప్రాంతంలోనే జాగ్రత్తపడాల్సినవి మరో రెండున్నాయి. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్ల (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాల) కరెంటు తీగలు నేలమీదే పాకి ఉంటాయి, తడిలో ఆ గట్లు ఎక్కకండి. పొలాల్లో గ్యాస్ పైపులైను గుర్తు స్తంభాలు కనిపిస్తే అక్కడికి దూరంగా మకాం వేయండి, దగ్గర్లో నిప్పు పెట్టకండి. 2014 జూన్ 27న పక్కనే ఉన్న నగరం గ్రామంలో పైపులైను పేలి చాలామంది ప్రాణాలు పోయాయి. గ్యాస్ వాసన తగిలితే అగ్గిపుల్ల గీయకుండా, బండి స్టార్ట్ చేయకుండా నడిచి దూరంగా వెళ్లి ఊరివాళ్లకు చెప్పండి.

బరకం ముందు, గుడారం తర్వాత

ఆరుగురికి ముగ్గురేసి పట్టే గుడారాలు రెండు, వాటిమీద కప్పడానికి 18×24 అడుగుల బరకం ఒకటి, వంటకు 12×15ది మరొకటి కావాలి. 12 అడుగుల వెదురు గెడలు నాలుగు, 8 మిల్లీమీటర్ల తాడు 40 మీటర్లు, సన్నతాడు ఇంకో 40. బరకం 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు 150 గ్రాములు) కంటే పల్చనైతే గాలికి కళ్లదగ్గర, అంటే తాళ్లు కట్టే అంచు రంధ్రాల దగ్గర చిరుగుతుంది.

ముందు పెద్ద బరకం ఎత్తండి, దాని కింద పొడిచోట గుడారం విప్పండి. తీసేటప్పుడు తిరగేసి, గుడారం ముందు మడిచి బరకం ఆఖర్న దించాలి. ఈ వరస తప్పితే మొదటి ఐదు నిమిషాల్లోనే పక్కలు తడిసిపోతాయి. రెండు చెట్ల మధ్య 7 అడుగుల ఎత్తున తాడు బిగించి బరకాన్ని దానిమీంచి రెండువైపులా వాల్చండి. నైరుతి రుతుపవనాల గాలి పడమర, నైరుతి వైపు నుంచి వస్తుంది కాబట్టి ఆ వైపు అంచు మోకాలెత్తుకు దించాలి. వాలు నాలుగు అడుగులకు ఒక అడుగన్నా లేకపోతే మధ్యలో నీరు కుండలా దిగబడి, ఆ బరువుకు కళ్లు ఊడిపోతాయి. కన్ను ఊడితే చెట్టుకింద రాలిన కొబ్బరిపిందె ఒకటి తీసుకోండి. బరకం అంచు కింద పెట్టి, పైనుంచి బట్టతో సహా దాని మెడకు తాడు బిగించండి. ఇత్తడి కన్ను కంటే గట్టిగా పట్టుకుంటుంది. డెల్టా మట్టిలో గులకరాళ్లు దొరకవు, పిందెలు మాత్రం ప్రతి తోటలో ఉంటాయి.

తాళ్ల వెంట నీరు లోపలికి పాకుతుంది. బరకానికి జానెడు దూరంలో ప్రతి తాడుకూ గుడ్డపీలిక కట్టండి, నీరు అక్కడే చుక్కలుగా కారిపోతుంది. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, పడుకునే ముందు ఇంకోసారి బిగించాలి.

గుడారంతో వచ్చే ఇనుప మేకులు నానిన ఒండ్రు మట్టిలో నిలవవు. రెండడుగుల వెదురు మేకులు చెక్కించి, మూడొంతులు దిగేలా గుడారానికి ఎడంగా వాల్చి కొట్టండి. ఇసుక నేలైతే చిన్న గోనెసంచిలో ఇసుక నింపి, తాడు కట్టి అడుగున్నర లోతున పాతిపెట్టండి. గుడారం కింద పరిచే పట్టా గుడారం కంటే నాలుగు అంగుళాలు లోపలికే ఉండాలి. అంచు బయటికొస్తే పడిన వాన మొత్తం పట్టా పట్టుకుని పక్క కిందికి తెస్తుంది. ఎంత చలిగా అనిపించినా, ఎంత జల్లు కొట్టినా గాలి కిటికీలు పూర్తిగా మూయకండి. మూస్తే మన ఊపిరి తేమే తెల్లారేసరికి లోపల చుక్కలు కడుతుంది.

నిజానికి ఈ నేలమీద గుడారం కంటే మడతమంచం, దోమతెర, పైన బరకం మేలు. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కాటు నొప్పి తెలియకపోవచ్చు. కనురెప్పలు వాలడం, కడుపునొప్పి, మింగలేకపోవడం కనిపిస్తే గాయం కోయకుండా, గట్టిగా కట్టు కట్టకుండా, ఆ మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. పక్క కింద ఎండుగడ్డి వేయకండి, పాములూ తేళ్లూ అందులోకే చేరతాయి.

వంట, నీళ్లు

రాత్రికి కిలో బియ్యం ఆరుగురికి సరిపోతుంది. పులిహోర ఇంటినుంచే కలిపి తెస్తే వాన ఆగే దాకా ఎదురుచూడక్కర్లేదు. చిన్న గ్యాస్ పొయ్యి బరకం కిందే వెలిగించాలి, గుడారంలో వద్దు. మంట కావాలంటే కొబ్బరి చిప్పలు వాడండి, అవి తడిసినా తుడిస్తే అంటుకుంటాయి. డొక్కలు (కొబ్బరి పీచు తొక్కలు) నీరు పీల్చుకుని పొగే తప్ప మంట ఇవ్వవు, ఆ పొగ దోమలకు పనికొస్తుంది. రాజేయడానికి నాలుగు కర్పూరం బిళ్లలు చాలు.

తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు వెంట తీసుకెళ్లండి. తప్పనిసరై బోరునీరు వాడితే మరిగించాలి. నీరు బురదగా ఉంటే క్లోరిన్ బిళ్ల సరిగా పనిచేయదు. ముందు పటికతో తేర్చి, ఆ తర్వాత బిళ్ల వేయండి.

కారు తారురోడ్డు మీదే ఉంచండి, తోట బాటలో దిగబడితే ట్రాక్టరు పిలవాల్సి వస్తుంది. తిరిగొచ్చాక బరకాలు, గుడారాలు ఆ రోజే ఆరేయండి, తడిమడతలో రెండ్రోజులు ఉంటే బూజు పట్టి పూత ఊడుతుంది. పాదాలకు పుండ్లు, కోతలు ఉన్నవాళ్లు నిలవనీటిలో దిగకూడదు. వచ్చాక రెండు మూడు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే, బురదనీటిలో తిరిగిన సంగతి డాక్టరుకు చెప్పి లెప్టోస్పిరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే జ్వరం) పరీక్ష అవసరమేమో అడగండి.